ఏసీ కొనే ముందు ప్లాను చూసుకోండి

ఏప్రిల్, మే నెలల్లో పైఅంతస్తులో పడుకునేవాళ్లకు తెలుసు: రాత్రి పదకొండైనా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉంటుంది, ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. దీనికి మందు ఏసీ ఒక్కటే అనుకుంటాం. కానీ ఇంటి చల్లదనం చాలావరకు ముగ్గు పోయకముందే, ప్లాను గీసే రోజునే తేలిపోతుంది. కరెంటు బిల్లూ, పెద్దవాళ్ల నిద్రా, పిల్లల చదువూ దాని మీదే ఆధారపడతాయి. సొంత ఇల్లు కట్టుకునేవారు వరసగా చూసుకోవాల్సినవి ఇవి.

1. ముందు సూర్యుడు

హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరలో ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో దక్షిణానికి వాలి, మధ్యాహ్నానికి కూడా 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే వేసవిలో అన్నిటికన్నా ఎక్కువ ఎండ తినేది కప్పు. ఆ తర్వాత తూర్పు, పడమర గోడలు. ఉత్తర, దక్షిణ గోడలను కాపాడుకోవడం తేలిక. అందుకే ఇంటి పొడుగు గోడలనూ పెద్ద కిటికీలనూ వీలైనంతవరకు ఆ రెండు దిక్కులకే పెట్టండి.

2. గదుల అమరిక

మెట్లు, బాత్‌రూములు, స్టోరు పడమటి వైపు వేస్తే సాయంత్రపు ఎండ భారం అవి మోస్తాయి. చిక్కల్లా నైరుతి పడకగదితోనే వస్తుంది. వాస్తు పాటించేవాళ్లు ఇంటి పెద్దలకు ఇచ్చే ఆ గదే సాయంత్రానికి బాగా కాగుతుంది. వాస్తు వదులుకోనక్కర్లేదు. పడమటి గోడ పొడవునా బట్టల అల్మరాలు కట్టించండి, బయట వేపో కానుగో నాటండి, ఆ వైపు పెద్ద అద్దాల కిటికీ మాత్రం వద్దు.

3. నీడ లెక్క

దక్షిణం వైపు నాలుగడుగుల ఎత్తు కిటికీ ఉందనుకోండి. దాని నెత్తినే రెండడుగుల సన్‌షేడ్ వేస్తే, మార్చి ఆఖరు వారం మధ్యాహ్నానికి ఆరడుగులకు పైగానే కిందికి నీడ పడుతుంది. కిటికీ పూర్తిగా నీడలో ఉంటుంది. డిసెంబరులో అదే నీడ రెండడుగుల పైచిలుకే. కింది సగంలోంచి చలికాలపు ఎండ లోపలికి వస్తుంది. పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి అక్కడ సన్‌షేడ్ చాలదు. జాలీలు, నిలువు పలకలు, చెట్లు కావాలి.

4. గాలికి దారి

గాలి వచ్చే కిటికీతోపాటు పోయే కిటికీ కూడా ఉండాలి. ఎదురెదురు గోడల్లో రెండూ పెట్టి, పైన వెంటిలేటరు వదలండి. కోస్తాలో ఉక్కపోత ఎక్కువ, పగలు కూడా గాలి ఆడాలి. రాయలసీమ, తెలంగాణల్లో పొడివేడి. మధ్యాహ్నం మూసి, రాత్రంతా తెరవడం మేలు. అలా తెరిచి నిద్రపోవాలంటే గ్రిల్లు, దోమతెర మొదటినుంచే లెక్కలో ఉండాలి. గోదావరి జిల్లాల మండువా ఇళ్లలో నడిమి ఖాళీలోంచి వేడిగాలి పైకి పోతుంది. హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనానికీ నడిమి ఆవరణ ఉంది. వంటగదిని మరవకండి. పొయ్యి దగ్గర గంటలు గంటలు నిలబడే మనిషికి గాలి, వెలుతురు అందరికన్నా ముందు అందాలి.

5. గోడ

కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ కట్టుబడి మన మేస్త్రీలూ నేర్చుకోగలిగిందే. ఇటుకను పడుకోబెట్టకుండా పక్క మీద నిలబెడతారు. బయట ఒకటి, లోపల ఒకటి, మధ్యలో మూడంగుళాల బోలు. ఒక్కో జత తర్వాత అడ్డంగా పెట్టే ఇటుక రెండు ముఖాలనూ కలిపి పట్టుకుంటుంది. తొమ్మిదంగుళాల గోడే, కానీ ఇటుక దాదాపు పావువంతు ఆదా. బోలులోని గాలి వేడిని ఆపుతుంది. మాలు పరిచేటప్పుడు బోలు మీద చెక్కపట్టీ అడ్డం పెట్టాలి, లేదంటే మాలు లోపలికి జారి గాలి ఖాళీ పూడిపోతుంది. మూలల్లో, తలుపులు కిటికీల పక్కన మాత్రం బోలు లేకుండా కట్టాలి.

6. కప్పు

డాబాకు తెలుపే రక్ష. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. అన్నిటికన్నా చవకైంది సున్నం పూత. డాబా కడిగి, పాచి గీకి, పగుళ్లు పూడ్చండి. ముందురోజు నానబెట్టిన సున్నాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి జిగురు కలపండి. సాయంత్రం కప్పు చల్లారాక, కాస్త తడిపి, మొదటి పూత పల్చగా వేయండి. ఆరాక రెండోది అడ్డంగా వేయండి. సున్నం కళ్లనూ చర్మాన్నీ కాలుస్తుంది కాబట్టి అద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. వానలకు పూత కొట్టుకుపోతుంది, ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి. ఆ శ్రమ వద్దనుకుంటే తెల్ల టైల్స్ ముక్కలు పరిపించండి.

7. నేల, నీరు

నేలకు తాండూరు, బేతంచెర్ల బండలు దగ్గర్లోనే దొరుకుతాయి. దూరం నుంచి లారీల్లో తెప్పించే పని ఉండదు. ఇక వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. పైపులు వేసేటప్పుడే ఆ నీళ్లను సంపుకో ఇంకుడుగుంతకో మళ్లించండి.

కాగితం మీద కిటికీ జరపడానికి రబ్బరు చాలు. కట్టాక జరపాలంటే గోడ పగలాలి. అందుకే ఇంజనీరుతో, మేస్త్రీతో కూర్చుని ఒక్కో గది గురించీ అడగండి: సాయంత్రం ఎండ ఎక్కడ తగులుతుంది? గాలి ఎటు వచ్చి ఎటు పోతుంది? నెత్తిన ఏ కప్పు ఉంది? ఏ ఒక్క గదికి సరైన జవాబు రాకపోయినా ముగ్గు పోయకండి.