మతిమరపు జబ్బు: ఇంటిల్లిపాదీ మోయవలసిన బరువు



మా విచారణలో ఒక మాస్టారు వున్నారు. మిషను బడిలో ముప్పై యేండ్లు లెక్కలు చెప్పారు. ఓమారు నేను జబ్బుపడినవారికి దివ్యసత్ప్రసాదం ఇస్తూ వాళ్లింటికి వెళ్లాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "ఫాదర్‌గారూ, మా ఆవిడ గుడినుండి ఇంకా రాలేదు. మీరేమైనా చూచారా?" అని అడిగారు. ఆమె చనిపోయి అప్పటికి ఆరేండ్లు. ఆమెకు సమాధి ప్రార్థనలు చెప్పింది నేనే. గురువునై వుండి అబద్ధమాడకూడదు గదా అనుకొన్నాను. "ఆమె ప్రభువులో నిద్రించి ఆరేండ్లయింది గదా మాస్టారూ" అన్నాను. ఆ వార్త అప్పుడే మొదటిసారి విన్నవాడిలా ఆయన ఘొల్లుమన్నారు. పావుగంట తర్వాత కళ్లు తుడుచుకొని, మళ్లా అదే ప్రశ్న అడిగారు.

ఈసారి నేను నోరు తెరవకముందే వంటింట్లోనుండి కోడలు వచ్చింది. "అత్తయ్యగారిమీద బెంగ పెట్టుకొన్నారా మావయ్యగారూ? ఆమె పండుగనాడు గుడికి ఏ చీర కట్టుకొని వెళ్లేవారో ఫాదర్‌గారికి చెప్పండి" అంది. ఆయన మొగం వికసించింది. పచ్చ అంచు తెల్లచీర గూర్చి చాలాసేపు చెప్పారు. ఆ కోడలు అబద్ధమాడలేదు. ఆయన్ను గాయపరచనూ లేదు. నేను ప్రశ్నకు జవాబు చెప్పాను. ఆమె ఆ ప్రశ్న వెనుక వున్న బెంగకు జవాబు చెప్పింది. సెమినరీలో సత్యాన్ని గూర్చి ఎన్నో పుస్తకాలు చదివాను గాని ఈ తేడా నాకు ఆ యిల్లాలే నేర్పింది.

1. ఇది ముసలితనం కాదు, జబ్బు

డిమెన్షియా అంటే ఒక్క జబ్బు పేరు కాదు. మెదడు దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన, మాట, తన పని తాను చేసుకొనే శక్తి క్రమేణ తగ్గిపోవటానికి పెట్టిన పేరు అది. దీనికి కారణమయ్యే జబ్బుల్లో ఎక్కువగా కన్పించేది అల్జైమర్స్. ఆలోయిస్ అల్జైమర్ అనే జర్మనీ వైద్యుడు 1906లో దాన్ని మొదటిసారి వివరించాడు. మెదడులోని రక్తనాళాలు దెబ్బతిన్నా డిమెన్షియా వస్తుంది. 2023లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం మన దేశంలో 60 యేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమందికి ఇది వుంది.

కూరలో ఉప్పు వేశామో లేదో మరచిపోవటం ఏ వయసులోనైనా వున్నదే. నలభై యేండ్లుగా వండే పప్పు ఎలా వండాలో తెలియకపోతే మాత్రం అనుమానించాలి. "ముసలాయనకు చాదస్తం" అని వదలివేయక డాక్టరుకి చూపించండి. ఎందుకంటే బి12 విటమిను లోపం, థైరాయిడ్ జబ్బు, మనోవ్యాకులత, కొన్ని మందులు గూడ ఇలాంటి మతిమరపునే తెస్తాయి. వాటికి చికిత్స వుంది. అల్జైమర్స్‌ను పూర్తిగా నయంచేసే మందు మాత్రం ఇంతవరకు లేదు. కొన్ని మందులు కొందరికి కొంత మేలు చేస్తాయి. మిగిలినదంతా మన సేవే.

మరొక మాట. నిన్నటిదాకా ఒక తీరుగా వున్న మనిషి రెండురోజుల్లో ఒక్కసారిగా తికమకపడితే, అది జబ్బు ముదరటమే అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షను, మలబద్ధకం, నొప్పి, నీళ్లు చాలక పోవటం లాంటి కారణముంటుంది. వెంటనే వైద్యునికి చూపించాలి.

2. జ్ఞాపకం పోతే మనిషి పోతాడా?

పదిహేడవ శతాబ్దానికి చెందిన జాన్ లాక్ అనే ఆంగ్ల తత్వవేత్త, నిన్నటి నేనూ ఈనాటి నేనూ ఒక్కడినే అనటానికి మన స్మృతే ఆధారమన్నాడు. విద్యార్థిగా నాకా వాదం బలంగానే తోచింది. కాని మాస్టారి మంచం పక్కన కూర్చున్నప్పుడు అది చాలదని తెలిసింది. ఆయన భార్య మరణాన్ని మరచారు గాని, ఆమెమీది ప్రేమను మరవలేదు. ఇప్పుడు నా పేరు గూడ ఆయనకు తెలియదు. ఐనా నేను పరలోక జపం మొదలుపెడితే చివరిదాకా తానే ముగిస్తారు. చిన్ననాడు వేలసార్లు పలికిన మాటలూ పాటలూ ఈ జబ్బులో చాలాకాలం నిలుస్తాయి.

ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ 1997లో ఈ రోగుల సేవను గూర్చి ఒక గ్రంథం ప్రకటించాడు. మనిషి తన వ్యక్తిత్వాన్ని తానొక్కడే నిలుపుకోడు, చుట్టూ వున్నవాళ్లు నిలుపుతారు అన్నది అతని భావం. మనం రోగి ఎదుటే అతన్ని గూర్చి "ఈయనకేమీ తెలియదు" అని ఇతరులతో మాట్లాడతాం. పసిపిల్లవాడిలా గద్దిస్తాం. తన చేత్తో తినగలిగినా, ఆలస్యమౌతుందని మనమే నోట్లో కుక్కుతాం. జబ్బు తీసుకొన్నదానికంటె ఎక్కువగా మనం తీసుకొంటున్నాం. తండ్రికి మతి తప్పినా కొడుకు ఓర్పు వహించాలనీ, తనకు బలముంది గదా అని ఆయన్ను చిన్నచూపు చూడరాదనీ సీరా జ్ఞానగ్రంథం మూడవ అధ్యాయం ఏనాడో హెచ్చరించింది.

3. ఇంట్లో పాటించదగినవి

ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, ఒక్కసారి ఒక్క మాటే చెప్పండి. "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అని పరీక్ష పెట్టకండి. "నేను మీ చిన్నకూతుర్ని నాన్నా" అని మీరే చెప్పండి. వాదించి గెలవాలనుకోకండి.

స్నానానికి మొరాయిస్తే బలవంతం వద్దు. కాసేపు ఆగి, ఆయనకు పూర్వం అలవాటైన వేళకు గోరువెచ్చని నీళ్లు పెట్టి పిలవండి. ఒంటిమీద తువ్వాలు వుంచండి, సిగ్గు ఆ వయసులోనూ వుంటుంది. స్నానాల గది లోపలి గడియ తీసివేయండి. రాత్రుళ్లు అక్కడ దీపం వుంచండి. వాడనప్పుడు గ్యాసు కట్టివేయండి. భోజనం నిటారుగా కూర్చోబెట్టి, మెల్లగా పెట్టండి, పొరబోతే ప్రమాదం. సాయంత్రం పొద్దుగూకే వేళ చాలామందికి కలవరం ఎక్కువౌతుంది. ఆ వేళకు టీవీ ఆపి, దీపాలు ముందుగా వెలిగించి, చేతికి చిన్న పని ఇవ్వండి. చిక్కుళ్లు వొలవటం, బట్టలు మడతపెట్టటం చాలు. సరిగా రాకపోయినా సరిదిద్దకండి.

బయటికి వెళ్లి దారి తప్పేవారైతే చొక్కా జేబులో పేరు, ఫోను నంబరు రాసి వుంచండి. ఇరుగుపొరుగువారికీ, వీధి చివర టిఫిను కొట్టువారికీ చెప్పివుంచండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. మంచానికి మాత్రం కట్టకండి. నిద్రమాత్రలు సొంతంగా వేయకండి. ఈ రోగుల అలజడిని అణచటానికి వాడే కొన్ని మందులవల్ల పక్షవాతం, మరణం గూడ సంభవించే ముప్పు వుంది. వాటిని డాక్టరు చెప్పినంతకాలమే వాడాలి.

4. ఒక్కరిమీదనే వదలకండి

ఆనాడు గేటుదాకా సాగనంపుతూ ఆ కోడలు నాతో మరో సంగతి చెప్పింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. "నన్ను మెచ్చుకోకండి ఫాదర్. మొన్న రాత్రి మావయ్యగారు మూడుసార్లు పక్క తడిపారు. మూడోసారి ఒళ్లు తెలియని కోపంలో ఆయన్ను కుదిపి మంచంమీద కూలేశాను. ఆయన భయపడి నన్ను 'అమ్మా' అని పిలిచారు" అంది. ఆమె సరిగా నిద్రపోయి అప్పటికి నెలలైంది.

ప్రియులారా, ఆమె చెడ్డది కాదు. ఆమె ఒంటరిది. ఆ మాస్టారికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దకొడుకు ఈమె భర్తే. చిన్నవాడు హైదరాబాదులో వుంటాడు. ఆదివారం ఫోను చేసి, "నాన్న చిక్కిపోయాడు, సరిగా చూస్తున్నారా?" అని అడుగుతాడు. మన కుటుంబాల్లో సేవ అంటే కోడలి సేవే. పొగడ్తతో సరిపెట్టి మనం తప్పుకొంటాం.

ఆ నెలలోనే అందరినీ ఒకచోట కూర్చోబెట్టాను. కాగితంమీద 24 గంటలు రాసి, ఏ గంట ఎవరిదో రాయమన్నాను. ఇరవై గంటలకు ఆ కోడలి పేరే వచ్చింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి శని, ఆదివారాల రాత్రులు పెద్దకొడుకు తీసుకొన్నాడు. కూతురు నెలకొక వారం వచ్చి వుంటానంది. చిన్నవాడు పగటిపూట ఒక మనిషిని పెట్టే ఖర్చు ఒప్పుకొన్నాడు. ఇప్పటికీ కష్టం తీరలేదు గాని, ఆమె నిద్రపోతూంది.

5. జీతానికి వచ్చే మనిషి

ఆయాను, అటెండరును పెట్టుకోవటం తల్లిదండ్రుల్ని వదలివేయటం కాదు. ఐతే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, అటెండరు వేరు, నర్సు వేరు. స్నానం, భోజనం, నడిపించటం అటెండరు పని. ఇంజక్షను, ముక్కులో గొట్టం, మూత్రపు గొట్టం శిక్షణ పొందిన నర్సు పని. రెండవది, వచ్చిన మనిషికి రోగి కథ తెలియాలి. ఆయన్ను ఏమని పిలవాలి, ఏ కూర ఇష్టం, ఏ పాటకు శాంతిస్తారు అన్నవి ఒక కాగితంమీద రాసి ఇవ్వండి. మా మాస్టారిని ఆ కొత్త అమ్మాయి మొదట "తాతా" అంది, పలకలేదు. "మాస్టారూ" అనగానే లేచి కూర్చున్నారు.

ఆ అమ్మాయి గూడ ఎవరి బిడ్డో. వేళకు భోజనం, వారానికొక సెలవు, నెల తిరగ్గానే జీతం ఇవ్వండి. అలసిన చేతులు మృదువుగా వుండవు.

6. సాయం ఎక్కడ?

ఈ కుటుంబాలకోసం 1992లో కేరళలో అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిసార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. దానికి హైదరాబాదులోను శాఖ వుంది. వృద్ధుల సమస్యలకు 14567, మానసిక వేదనకు 14416 ప్రభుత్వ ఉచిత ఫోను నంబర్లు. ఈ రెండవది సేవచేసి అలసినవారు గూడ వాడుకోవచ్చు.

విచారణగా మనమేం చేయగలం? వారానికి రెండు గంటలు ఎవరైనా వెళ్లి రోగి దగ్గర కూర్చుంటే చాలు. ఆ రెండు గంటలు ఆ యిల్లాలు పూజకు రావచ్చు, బజారుకి వెళ్లవచ్చు, పడుకోవచ్చు. మా విన్సెంట్ డి పాల్ సభవారు ముగ్గురు ఈ పని మొదలుపెట్టారు.

ఇంటిల్లిపాదీ ఆలోచించుకొనేందుకు:

1. మన ఇంట్లో రోగి భారం ఎన్ని గంటలు ఎవరిమీద వుంది? కాగితంమీద రాసి చూడండి.

2. ఆ వ్యక్తి ఎదుటే ఆయన్ను గూర్చి మాట్లాడే అలవాటు మనకు వుందా?

3. దూరాన వున్న మనం గత నెలలో డబ్బుగాక ఇంకేమి ఇచ్చాం?

4. మన వీధిలో ఇలాంటి ఇల్లు ఏది? ఈ వారం అక్కడ రెండు గంటలు ఎవరు కూర్చుంటారు?