రచ్చకట్టపై విద్యార్థుల నివేదిక

ప్రాజెక్టు అనగానే పశ్చిమ కర్నూలు రైతునకు తుంగభద్ర ఆనకట్టయో, దాని దిగువ కాలువయో, హంద్రీ నదిపై కట్టిన గాజులదిన్నె జలాశయమో తలంపునకు వచ్చును. ఇప్పుడు ఆ మాట బడిపిల్లల నోట వినబడుచున్నది. నలుగురైదుగురు పిల్లలు నోటుపుస్తకములు చేతబట్టుకొని గడప ముందు నిలిచి, ప్రాజెక్టు కొరకు వచ్చితిమని చెప్పినపుడు, వీరు ఏమి కట్టబోవుచున్నారో అని పెద్దలు నవ్వుకొనుట కద్దు. వారు కట్టునది లెక్క. ఊరిని గురించిన లెక్కను నలుగురు కలిసి సేకరించి, నలుగురి ముందు నిలిచి చెప్పుటయే వారి పని.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం కిల్‌పాట్రిక్ 1918లో దీనిని గురించి ప్రసిద్ధమైన వ్యాసము వ్రాసెను. మన దేశమున 1937లో వార్ధా విద్యా సమావేశమున గాంధీ మహాత్ముడు చేతిపనితో కూడిన చదువును ప్రతిపాదించెను. 1993 నుండి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ జరుగుచున్నది. పది మొదలు పదునేడు ఏండ్ల బాలబాలికలు ఒక ఉపాధ్యాయుని మార్గదర్శకత్వమున తమ ఊరి సమస్యనే తీసికొని పరిశోధించి, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో నివేదింతురు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరమున వచ్చిన డిగ్రీ పాఠ్యక్రమముతో 180 గంటల సమాజ సేవా ప్రాజెక్టు విద్యార్థులకు విధిగా ఏర్పడినది. ఎమ్మిగనూరు, ఆదోని కళాశాలల విద్యార్థులు మన పల్లెలలో ఇల్లిల్లు తిరుగుట ఇందుకే.

ఇంతవరకు బాగుగనే యున్నది. వచ్చిన చిక్కేమనగా, లెక్క ఊరిలో పుట్టును, నివేదిక ఊరు దాటి పోవును. తరగతి గదిలో మార్కులు పడును, పోటీలో బహుమతి వచ్చును. ఇంటి గుట్టు విప్పి చెప్పిన గృహిణికి మాత్రము ఆ మాట ఏమైనదో తెలియదు. పంచాయతీ సభ్యులు అడిగినచో ఈ లోటు తీరును. మా ఊరి లెక్కను మొదట మా గ్రామసభలో చెప్పుడని ప్రధానోపాధ్యాయునికి గాని, కళాశాల ప్రిన్సిపాలుకు గాని ఒక ఉత్తరము వ్రాసిన చాలును. ఆ సభ సక్రమముగా జరుగవలెనన్న విద్యార్థులు ఎట్లు సిద్ధపడవలెనో సభ్యులును ఎరిగియుండుట మంచిది.

నందవరమునే ఉదాహరణగా తీసికొందము. ఇచ్చటి ఉన్నత పాఠశాల విద్యార్థులు ఐదుగురు, వలసపోవు కుటుంబముల పిల్లల చదువును గురించి ప్రాజెక్టు చేయదలచిరి అనుకొనుడు. ఈ విషయమునకు ప్రాముఖ్యము ఏమో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల నుండి చేను పనులు ముగియగానే కుటుంబములు గుంటూరు వైపు మిరపకాయల కోతలకును, బెంగళూరు, హైదరాబాదులకు కట్టడపు పనులకును తరలిపోవుట ఏటేట జరుగుచున్నదే. తల్లిదండ్రుల వెంట పిల్లలు పోవుదురు. తిరిగివచ్చునాటికి పరీక్షలు దగ్గరపడును, లేదా ముగిసిపోవును. రెండేండ్లు ఇట్లు గడచిన బాలుడు మూడవ ఏట బడి గడప తొక్కుట అరుదు.

ఇట్టి ప్రాజెక్టులో మొట్టమొదట నిర్ణయింపవలసినది తేదీ. చార్టులు, ఉపన్యాసము తరువాతి సంగతి. సాధారణముగా పిల్లలు ఫిబ్రవరిలో, పరీక్షల ముందు, నివేదిక చదువుదురు. అప్పటికి ఎవరిని గురించి ఆ నివేదికయో వారు గుంటూరు మిరప తోటలలో నుందురు; రచ్చకట్ట ముందు మిగిలినవారు ముసలివారు. వినవలసినవారు లేని సభలో ఎంత చక్కగా మాటలాడినను ఫలమేమి? లారీలు కదలకముందే సభ జరుగవలెను. అక్టోబరు 2న గాంధీజయంతి గ్రామసభ మనకు కలదు. 2018లో ఆ దినముననే ప్రజా ప్రణాళికా ఉద్యమము దేశమంతట ఆరంభమైనది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు ప్రతిపాదనలు కూర్చు కాలము కూడ అదియే. ఆ దినము నుండి వెనుకకు లెక్కించినచో, సెప్టెంబరులో ఇంటింటి విచారణ, ఆగస్టులో ప్రశ్నల తయారీ, జూలైలో జట్టు ఏర్పాటు. బడి తెరచిన మరునెలలోనే పని మొదలగును. ఉపాధ్యాయులకిది కొంత భారమే, కాని వేరు దారి కనబడదు.

కర్నూలు జిల్లాలో వలస కుటుంబముల పిల్లలు ఊరిలోనే నిలిచి చదువుకొనుటకు సీజనల్ హాస్టళ్లు నడపబడినవి. ఊరిలో ఉండదలచిన పిల్లలు ఎందరు, ఏ తరగతులవారు, ఏ నెల నుండి ఏ నెల వరకు అను లెక్క చేతిలో లేక అట్టి ఏర్పాటును అడుగుట వ్రేలు చూపి ధాన్యము కొలిచినట్లుండును. ఈ ఐదుగురు పిల్లలు తేగలిగినది సరిగా ఆ లెక్కయే.

ఇక పని పంపకము. జట్టు ప్రాజెక్టులలో తరచుగా జరుగు పొరపాటు ఒకటి కలదు. ఉపన్యాసమును ఐదు ముక్కలుగా కోసి, తలా ఒక ముక్క కంఠస్థము చేయుదురు. మొదటివాడు ఉపోద్ఘాతము, చివరివాడు వందన సమర్పణము. నడుమ ఎవరైన ప్రశ్న వేసినచో ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు, ఏలయన ప్రక్కవాని ముక్క తనకు తెలియదు. దీనికి బదులు పొలములో పని పంచుకొనునట్లు పంచుకొనవలెను. ఐదుగురును తలా ఒక వార్డు చొప్పున ఇండ్లకు తిరుగవలెను, ఐదుగురును కలిసి కూర్చుండి లెక్క కూడవలెను. సభ నాటికి ఇద్దరు మాటలాడుదురు, ఒకరు పటము చూపుదురు, ఒకరు సభలోని ప్రశ్నలు వ్రాసికొందురు, ఒకరు గడియారము చూతురు. పటము చూపువానిని ప్రశ్నించినను సమాధానము రావలెను. ఆడపిల్లలను చార్టు పట్టుకొనుటకే నిలబెట్టు అలవాటు కొన్నిచోట్ల చూచితిని. ఇంటిలోనికి పోయి తల్లులతో మాటలాడి నిజము రాబట్టువారు సాధారణముగా వారే.

ప్రశ్న అడుగుటలో కూడ నేర్పు కావలెను. "మీ పిల్లలు బడి మానినారా?" అనినచో ఏ తండ్రియు అవునని చెప్పడు. "పోయిన సంక్రాంతికి మీ ఇంట ఎవరెవరుండిరి? ఉగాదికి ఎవరెవరుండిరి?" అని అడిగినచో లెక్క తనంతట తానే వచ్చును. దానిని బడి హాజరు పట్టికతో సరిచూచినచో మరింత గట్టిపడును. రెండును పొసగని చోట మరల ఆ ఇంటికి పోవలెను.

మరల పోవుటలో ఎంత బలమున్నదో తెలుపు వృత్తాంతమొకటి ఇంగ్లండు చరిత్రలో కలదు. 1854 ఆగస్టు చివర లండను నగరపు సోహో పేటలో కలరా చెలరేగెను. జాన్ స్నో అను వైద్యుడు మరణముల రిజిస్టరు నుండి 83 మంది జాబితా తీసికొని ఇల్లిల్లు విచారించెను. దాదాపు అందరును బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపునకు సమీపమున నున్నవారే. పదిమంది మాత్రము వేరొక పంపునకు దగ్గరివారు. ఆ పదిమందిని ఆయన విడిచిపెట్టలేదు. వారి ఇండ్లకును పోయి అడుగగా, ఐదు కుటుంబములవారు నీటి రుచికై ఎప్పుడును బ్రాడ్ స్ట్రీట్ నుండియే నీరు తెప్పించుకొందుమనిరి. మరి ముగ్గురు ఆ పంపు దగ్గరి బడికి పోవు పిల్లలు. సెప్టెంబరు 7వ తేదీ సాయంత్రము ఆయన ఆ పేట స్థానిక బోర్డు సభ్యుల ముందు నిలిచి ఈ సంగతి విన్నవించెను. మరునాడు పంపు పిడి ఊడదీసిరి. అప్పటికే జనము పారిపోవుటచే వ్యాధి తగ్గుముఖము పట్టియుండెనని స్నో స్వయముగా ఒప్పుకొనెను. లోకప్రసిద్ధమైన ఆయన పటము ఆ తరువాత తయారైనదే. బోర్డును కదిలించినవి ఇంటింట అడిగి తెచ్చిన మాటలు.

ఆ వృత్తాంతములో మరియొక పాత్ర కలదు. హెన్రీ వైట్‌హెడ్ అను యువ మతగురువు స్నో వాదమును నమ్మలేదు. తప్పని నిరూపింపదలచి తానే ఇండ్లు తిరిగెను. తిరుగగా తిరుగగా ఒప్పుకొనవలసి వచ్చెను; పంపు బావి ప్రక్కనే గల ఇంటిలో జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉదికిన నీటి నుండి బావి చెడినదని కనుగొన్నది ఆయనయే. గ్రామసభలో లేచి "ఈ లెక్క తప్పు" అను సభ్యుని చూచి పిల్లలు భయపడనక్కరలేదు. ఆయనను తమతో నాలుగు ఇండ్లకు రమ్మని పిలువవలెను.

చూపు విధానమును గురించి కొంత చెప్పవలసి యున్నది. చార్టుపై అక్షరములు చివరి వరుసలో కూర్చున్న తాతకు కనబడవలెను. కనబడనిచో వ్రాయుటయే దండుగ. నూటికి ఇరువది రెండున్నర అను లెక్క గ్రామమున ఎవరికిని మనసుకు ఎక్కదు. నలుబది ఇండ్లలో తొమ్మిది అనినచో ప్రతివాడును ఆ తొమ్మిది ఇండ్లను మనసులోనే లెక్కించుకొనును. అన్నిటికంటె మేలైనది రచ్చకట్ట ముందు నేలపై ముగ్గుపిండితో ఊరి పటము గీయుట. వీధులు, బడి, బోరు, గుడి, మసీదు ముగ్గుతో గీసి, వలసపోవు ఇండ్లు ఎన్నియో వార్డువారీగా కందిగింజలు పోయవలెను. 1990 దశకమున మన దేశపు పల్లెలలో ఈ పద్ధతి విరివిగా వ్యాపించినది. కాగితముపై గీసిన పటమును జనము చూచి ఊరకుందురు, నేలపై గీసినదానిని మాత్రము తప్పున్నచో వంగి దిద్దుదురు. ఆ దిద్దుబాటు పిల్లల నివేదికకు పరీక్షయని నా అభిప్రాయము.

భాష సంగతి. ఈ వ్యాసములోని భాష పత్రికకు తగినది. రచ్చకట్టపై పిల్లలు ఇట్లు మాటలాడినచో ముందు వరుసలోనివారే లేచిపోవుదురు. ఊరి మాటలో, ఎనిమిది పది నిమిషములు మించకుండ చెప్పవలెను. కన్నడమో ఉర్దూయో ఇంటి మాటగా గలవారు మన వైపు పలువురు కలరు, వారిలో ఒక పిల్లవాడు జట్టులో నుండుట లాభకరము.

ఒక విషయమున సభ్యులు కఠినముగా నుండవలెను. ఏ ఇంటివారు అప్పులపాలైరి, ఎవరు పిల్లను బడి మాన్పించి పత్తి తీయుటకు పంపుచున్నారు అను సంగతులు పేర్లతో సభలో చదువరాదు. కందిగింజను ఫలానావారి ఇంటిపై పెట్టుట కూడ పేరు చెప్పినట్లే. కావుననే వార్డు మొత్తము చూపిన చాలుననుచున్నాను. చెప్పినవానికి పరువు నష్టము కలిగినచో వచ్చే ఏడు ఆ గడప తెరువబడదు. పేర్ల జాబితా ఉపాధ్యాయుని యొద్ద ఉండవలెను.

సభనాడు పంచాయతీ చేయవలసినది స్వల్పమే. కూలిపనుల నుండి జనము తిరిగివచ్చు వేళకు సభ పెట్టుట, దీపము, మైకు సిద్ధపరచుట, కార్యక్రమములో పిల్లల నివేదికను చివరకు నెట్టక ముందుంచుట. ఉపన్యాసములు ముగిసి జనము లేచిన పిదప పిల్లలను పిలుచుట అనేకచోట్ల జరుగుచున్నది, పిలువకున్నను అంతే. నివేదిక ముగియగానే చప్పట్లతో సరిపెట్టక ప్రశ్నలు వేయవలెను. మూడవ వార్డులో ఎక్కువ, ఐదవ వార్డులో తక్కువ, ఏల? అవ్వతాతల యొద్ద విడిచిపోవుటకు ఎన్ని ఇండ్లవారు ఇష్టపడుచున్నారు? ఆడపిల్లలను హాస్టలులో ఉంచుటకు తల్లులు అడుగు షరతులేమి? పిల్లలకు తెలియనిచో "తెలియదు, కనుగొని చెప్పెదము" అనవలెను; ఆ మాట ప్రశ్నలు వ్రాసికొను బాలుని పుస్తకమున ఎక్కవలెను.

తదుపరి, లెక్కను గ్రామసభ తీర్మానమున చేర్చి, మండల విద్యాధికారికి పంపి, ఒక ప్రతిని పాఠశాల యాజమాన్య కమిటీకి ఈయవలెను. డిగ్రీ విద్యార్థుల నివేదికయైనచో ఒక ప్రతి పంచాయతీ కార్యాలయమునకు ఇచ్చి పొమ్మని ముందే చెప్పవలెను. వలస విషయము ఒక్కటియే కాదు. 2009 అక్టోబరు వరదలలో తుంగభద్ర నీరు ఏ గోడకు ఎంత ఎత్తు వచ్చినదో నాగలదిన్నె వైపు పెద్దలను అడిగి గుర్తించుట, ఏ బోరు ఏ నెలలో ఎండుచున్నదో వ్రాయుట, ఇట్టివన్నియు ఈ తీరున చేయదగినవే.

నివేదిక ప్రతితోపాటు ఆ ప్రశ్నల పుస్తకమును కూడ కార్యాలయపు బీరువాలో భద్రపరచుడు. సమాధానము రాని ప్రశ్నల ఎదుట గీత గీసి ఉంచినచో, వచ్చే జూలైలో క్రొత్త జట్టు వచ్చి మీ తలుపు తట్టినపుడు వారికి మొదట ఈయవలసినది ఆ పుస్తకమే.