పరాయి దేశంలో సిమ్ ఎవరి పేరున?



మన ఇళ్ల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్తూనే ఉంటారు. విమానం దిగగానే కావలసింది సిమ్. దానికి ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. సౌదీలో 2016 నుంచి వేలిముద్ర ఇవ్వాల్సిందే. యూఏఈలో సందర్శకులు పాస్‌పోర్టు చూపాలి. జర్మనీలో 2017 జూలై నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కూ గుర్తింపు పత్రం తప్పనిసరి. అమెరికాలో మాత్రం అలాంటి దేశవ్యాప్త చట్టం లేదు.

ఎందుకింత కట్టుదిట్టం? ఆ నంబరుతో ఎవరు మోసం చేసినా, పోలీసులు ముందు వెతికేది సిమ్ ఎవరి పేరున ఉందో వారినే. అందుకే "అన్నా, నీ పాస్‌పోర్టు మీద ఒక సిమ్ తీసివ్వు" అని గదిలోని వాళ్లు అడిగినా ఒప్పుకోవద్దని మీవాళ్లకు చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు అక్కడి సిమ్‌ను పారేస్తే చాలదు, రద్దు చేయించుకోవాలి.

ఇక్కడి నంబరునూ మరవద్దు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. 90 రోజులు వాడకపోతే ప్రీపెయిడ్ నంబరును కంపెనీ ఆపేయవచ్చు. తర్వాత అది వేరొకరికి వెళ్లవచ్చు. బయలుదేరే ముందే రీచార్జి, రోమింగ్ చూసుకోండి.

మన రాష్ట్రంలో ఒకరి పేరున 9 సిమ్‌ల వరకే ఉండవచ్చు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మోసంతో సిమ్ తీసుకుంటే 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ నెల ఇంటిపని: పిల్లలతో కలిసి 'సంచార్ సాథీ' పోర్టల్ తెరవండి. మీ పేరున ఎన్ని నంబర్లున్నాయో వాళ్లతోనే లెక్కపెట్టించండి. మీది కానిది కనిపిస్తే అక్కడే ఫిర్యాదు నమోదు చేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని కూడా అప్పుడే నేర్పండి.