గర్భిణీ స్త్రీల ఆహారము – మనము తెలిసికొనవలసిన సంగతులు



ఊరిలో ఉన్నప్పుడు ఏమి తినాలో చెప్పడానికి అమ్మ, అత్త ఉండేవారు. బెంగళూరులో ఒక్క గదిలో కాపురముండే మనకు ఆ పెద్దలు దగ్గర లేరు. "కాన్పుకు ఊరు వెళతాము గదా, అక్కడే చూపించుకుందాము" అని చాలామంది ఆలస్యము చేస్తారు. బిడ్డ మెదడు, వెన్ను ఏర్పడేది మొదటి నెలల్లోనే. అప్పుడే ఫోలిక్ ఆమ్లము అవసరము. భీమవరములో పుట్టి అమెరికా వలస వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసింది.

1. ఎంత తినాలి? ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కడుపు మాడ్చుకోవద్దు. ఇద్దరి తిండీ తిననక్కరలేదు. 2020 నాటి భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారము రోజుకు అదనముగా 350 కేలరీలు కావాలి. ఒక గ్లాసు పాలు, ఒక కోడిగుడ్డు, గుప్పెడు వేరుశనగపప్పు దాదాపు సరిపోతాయి.

2. ఏమి తినాలి? 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము ఉంది. సంగటి మనకు కొత్త కాదు. పప్పు, ఆకుకూరలు రోజూ ఉండాలి. ఇక్కడి సంతలో మునగాకును 'నుగ్గె సొప్పు' అని అడగండి.

3. రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మందికి రక్తము తక్కువగా ఉన్నది. నాలుగవ నెల నుండి 180 రోజులు ఇనుము మాత్ర వేసుకోవాలి. మాత్ర వలన బిడ్డ నల్లగా పుట్టదు. విరేచనము మాత్రమే నల్లగా అవుతుంది. మాత్రతో టీ తాగవద్దు. నిమ్మరసము మంచిది. కాల్షియము మాత్రను వేరే పూట వేసుకోవాలి.

4. ఎక్కడికి వెళ్లాలి? "మనది ఈ ఊరు కాదు, మనకెవరిస్తారు" అని వెనుదీయవద్దు. దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములో పేరు నమోదు చేయించి తాయి కార్డు తీసికొనండి. ఊరు వెళ్లేటప్పుడు దానిని వెంట ఉంచుకొనండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. కర్ణాటకలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ భోజనము పెట్టే మాతృపూర్ణ పథకము 2017 అక్టోబరు 2న మొదలైంది. మీ వీధి అంగన్‌వాడీలో అడగండి.

సోదరులకు ఒక మాట. అందరూ తిన్న తరువాత గిన్నెలో మిగిలినది తినడము మన ఆడవారి అలవాటు. ఈ తొమ్మిది నెలలైనా ఆమెకు ముందు వడ్డిద్దాము.

ఆలోచించవలసిన ప్రశ్నలు:
అ) మన వీధిలో ఇంకా పేరు నమోదు కాని గర్భిణి ఎవరు?
ఆ) ఆమెకు తోడుగా ఆసుపత్రికి మనలో ఎవరు వెళతారు?