బాలురకు రుచించు గ్రంథములు

ఈపురుపాలెము బాలునకు పుస్తకము తెచ్చుటకు దూరము పోనక్కరలేదు. సమీపమున వేటపాలెములో 1918లో నెలకొన్న సారస్వత నికేతన గ్రంథాలయము కలదు. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. అయితే అచటినుండి ఏ పుస్తకము తేవలెను?

నీతివాక్యములను మాత్రమే వల్లెవేయించినచో బాలుడు పుస్తకమన్ననే తొలగిపోవును. తన యీడువాడు కథలో కనిపించినచో తానే అడిగి చదువును. శ్రీమద్భాగవతమున ధ్రువుడు ఐదేండ్లవాడు. తండ్రి తొడపై కూర్చుండబోగా సవతితల్లి తూలనాడెను. మనసు నొచ్చి ఒంటరిగా అడవికేగెను. ఆ పసివాని దుఃఖము ఏ బాలునకు తెలియదు?

నవవిధ భక్తులలో శ్రవణము మొదటిది. పఠనమునకును అదియే ద్వారము. కావున మొదట సరళవచనములోని ధ్రువకథను తండ్రియే చదివి వినిపించి, నారదుడు ఎదురైన చోట ఆపవలెను. తరువాతి పుటలను బాలుడే తిప్పును. పోతన పద్యములను పిమ్మట తానే కోరును.