హైబ్రిడ్ బండికి ఉప్పే శత్రువు

మైపాడు

చిరంజీవి అబ్బాయికి,

చెన్నైలో ఒకరు వాడిన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్, 2023 మోడలు, నీకు బేరానికి వచ్చిందని మీ నాన్న చెప్పాడు. బ్యాటరీ పోతే లక్షలు వదులుతాయని అందరూ నిన్ను భయపెడుతున్నారంట. నాయనా, ఆ బ్యాటరీకి కంపెనీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకూ వారంటీ ఇచ్చింది. మన తీరాన భయపడాల్సింది బ్యాటరీ వయసుకి కాదు, నీళ్ళకీ ఉప్పుకీ.

ముందు నీళ్ళ సంగతి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి చెన్నైలో వీధులకి వీధులే మునిగాయి, ఎన్నో కార్లు నీళ్ళలో నిలబడ్డాయి. పెద్ద బ్యాటరీ ఉండేది సీట్ల కింద, నేలకి దగ్గరగా. అందుకని సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడు. కింద పరిచిన కార్పెట్ ఎత్తు. సీటు బోల్టులు తుప్పు పట్టాయేమో గమనించు. సర్వీసు చరిత్రా, ఇన్సూరెన్సు క్లెయిములూ తీయించు. మునిగిన బండి అని అనుమానం వస్తే ఎంత తగ్గించినా వద్దు. తమిళనాడు బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్వోసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ టాక్సు కట్టి నంబరు మార్చుకోవాలి. ఆ ఖర్చు కలిపాకే ధర మాట్లాడు.

ఇక ఉప్పు. హైబ్రిడ్ బండిలో బ్రేకు తొక్కితే మోటారే చాలావరకు వేగాన్ని పట్టి ఆపి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. బ్రేకు ప్యాడ్లు తక్కువ అరుగుతాయి, అది లాభమే. కానీ ప్యాడ్లకి పని తగ్గితే డిస్కుల మీద తుప్పు రాలదు. మన సముద్రపు గాలికి, రొయ్యల గుంటల పక్క రోడ్డుకి ఆ తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా బ్రేకులు విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టమని అడుగు. బీచికి వెళ్ళొచ్చిన రోజే బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించు. నారింజ రంగు తీగల జోలికి మాత్రం ఊరి మెకానిక్కుని పోనీకు. వాటిలో పారేది ప్రాణం తీసే కరెంటు.

బ్యాటరీని చల్లబరిచేది కారు లోపలి గాలే. ఆ గాలి జాలీ ఎక్కడుందో బండి పుస్తకంలో చూసి, పిల్లల తువ్వాళ్ళూ సంచులూ దానికి అడ్డం పెట్టనీయొద్దు. ఇసక పట్టిన ఫిల్టరు శుభ్రం చేయించు. రోహిణీ కార్తెలో ఎండలో నిలిపిన బండి ఎక్కితే ముందు అద్దాలు దించి వేడి పోనిచ్చి, తర్వాత ఏసీ వెయ్యి. నువ్వు ఊళ్ళో లేనన్ని రోజులు బండి కదలకుండా ఉంటే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది. అది దిగితే పెద్ద బ్యాటరీ ఎంత బాగున్నా బండి లేవదు. వారానికొకసారి మీ నాన్నని తిప్పమను.

లాభం ఎక్కడుందో కూడా తెలుసుకో. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆగుతూ సాగుతూ పోయేప్పుడు పెట్రోలు ఇంజను చాలాసార్లు ఆగిపోయి మోటారే లాగుతుంది, మిగులు అక్కడ కనిపిస్తుంది. జాతీయ రహదారి మీద చెన్నైకి వేగంగా పోతే ఆ మిగులు తగ్గుతుంది. నీ తిరుగుడు ఎక్కువగా ఊళ్ళోనే కాబట్టి ఈ బండి నీకు తగినదే. ఇంకో మాట. మోటారు మీద నడిచేప్పుడు బండికి చప్పుడు చాలా తక్కువ. మన ఊరి సందుల్లో ఆడుకునే పిల్లలకీ గొర్రెలకీ అది వినబడకపోవచ్చు. అక్కడ మెల్లగా పోవాల్సింది నువ్వే.

వానాకాలం మొదలయ్యేలోగా బేరం తేల్చుకో. సర్వీసు కాగితాలు చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న