పంచమ అనే పేరును తిప్పికొట్టిన మనిషి: మాదరి భాగ్యరెడ్డి వర్మ



మనకు బౌద్ధం ఎప్పుడొచ్చిందని విహారంలో పిల్లల్ని అడిగితే "1956 అక్టోబరు 14, నాగపూర్" అని ఠక్కున చెప్తారు. మంచిదే. కానీ మన హైదరాబాదులో, అంటరాని కులంలో పుట్టిన ఒకాయన 1913లోనే బుద్ధ జయంతి జరిపారు. బాబాసాహెబ్ కొలంబియాలో చదువు కోసం అమెరికా ఓడెక్కిన ఏడాది అది. ఆ జయంతి జరిపినాయన మాదరి భాగ్యరెడ్డి వర్మ. మన క్యాలెండర్లలో ఆయన ఫొటో ఎంతమంది చూసుంటారు?

ముందు ఆయన పేరు సంగతి తేల్చుకుందాం. చివర్న రెడ్డి అని చూసి ఆయన మనవాడు కాదేమో అనుకునే కుర్రాళ్లున్నారు. 1888 మే 22న హైదరాబాదులో మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు భాగయ్య. రెడ్డి అంటే రేడు, ఏలినవాడు, ఒకప్పుడు ఈ నేలను ఏలింది మీరేనంటూ ఆ ఇంటి గురువు భాగ్యరెడ్డి అని పిలిచాడు. వర్మ అన్న బిరుదు 1913లో ఆర్యసమాజం వాళ్లిచ్చింది. ఆర్యసమాజం బిరుదూ బుద్ధ జయంతీ ఒకే ఏడాదిలోనా అంటే, అవును. ఇప్పుడు చూస్తే మనకు ఇబ్బందిగానే ఉంటుంది. ఆయన ఇంకా దారి వెతుక్కుంటున్నారని నేను అర్థం చేసుకుంటాను.

1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనలతో వాడల్లో జనాన్ని కూడగట్టారు. 1911లో అది మన్య సంఘమైంది. ఆడపిల్లల్ని జోగినులుగా విడవడం, జంతుబలి, తాగుడు, వీటన్నిటి మీదా కొట్లాడారు. ఉర్దూ రాజ్యమేలే నిజాం సంస్థానంలో మన పిల్లలకి తెలుగు బడులు నడిపారు. వీటిలో ఒక్కోదానికి ఒక్కో పాఠం రాయొచ్చు. ఈసారికి ఒక్క సభ దగ్గర ఆగుదాం.

1917 నవంబరు, బెజవాడ. ఆంధ్ర దేశంలో మొదటి పంచమ సభ. అగ్రకుల సంస్కర్తలు కూడా పూనుకున్న సభ అది. అధ్యక్షత వహించమని హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మని పిలిచారు. ఇంతమంది అంటరానివాళ్లు ఊళ్లోకి దిగితే గుళ్లోకి జొరబడతారేమోనని ఆ రోజుల్లో కనకదుర్గ గుడి మూసేశారని చెప్తారు. గుడి కోసం వచ్చినవాళ్లా వీళ్లు! ఆయన అధ్యక్ష స్థానంలో నిలబడి, సభ పేరే తప్పన్నారు. మీ శాస్త్రాల్లో ఉన్నవి నాలుగు వర్ణాలే కదా, ఈ అయిదోది ఎక్కణ్ణుంచి వచ్చింది? పంచములన్నది ఇంకొకరు మా నెత్తిన పెట్టిన మాట, మేము ఈ నేల మీద మొదటి మనుషులం. ఇదీ ఆయన వాదన. పిలిచినవాళ్ల ముందే, వాళ్లు పెట్టిన పేరు వద్దనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరుకి దిగొచ్చింది.

బావి లేదు, భూమి లేదు, బడి లేదు. మరి ముందు పేరు కోసం ఎందుకు పట్టుబట్టినట్టు? బావి దగ్గర తోసేసేదీ, బడి రిజిస్టరులో విడిగా రాసేదీ ఆ పేరు చెప్పే కాబట్టి.

సుత్తనిపాతంలో వాసెట్ఠ సుత్తం ఉంది. బ్రాహ్మణుడు పుట్టుక వల్ల అవుతాడా, నడత వల్ల అవుతాడా అని ఇద్దరు బ్రాహ్మణ యువకులు వాదించుకుని భగవానుడి దగ్గరికి వస్తారు. ఆయన గడ్డినీ చెట్లనీ చూపిస్తారు, పురుగుల్నీ పాముల్నీ చేపల్నీ పక్షుల్నీ చూపిస్తారు. ఒక్కో జాతికి పుట్టుకతోనే ఒక్కో గుర్తుంది. మనిషికో? తలలో, కళ్లల్లో, చేతుల్లో, ఎక్కడా అలాంటి తేడా లేదు. మనుషుల మధ్య తేడా పిలుపులోనే ఉందంటారు భగవానుడు. పిలుపు మనుషులు పెట్టిందే అయితే మనుషులు తీసెయ్యొచ్చు కూడా. బెజవాడలో జరిగింది ఆ పనే.

1931 జనాభా లెక్కల్లో నిజాం సంస్థానంలో మనవాళ్లు ఆది హిందువులుగా నమోదవడం వెనక కూడా ఆయన కృషి ఉంది. అందులో హిందూ అనే మాట ఉందని మన మిత్రులు కొందరు ముఖం చిట్లిస్తారు. ఆయన లెక్కలో అది మతం పేరు కాదు, ఈ దేశపు తొలి మనుషులని చెప్పడానికి. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఇంకొకటి: ఆ పేరు కిందికి మాలా మాదిగా ఇద్దరూ వచ్చారు. ఆ రోజుల్లోనే తన 'భాగ్యనగర్' పత్రికలో ఆయన 'వెట్టి మాదిగ' కథ రాశారు. మాల ఇంట పుట్టినాయన మాదిగ బాధ రాశారు. ఇప్పుడేమో ఫ్లెక్సీల మీద ఆయన ఒక కులం నాయకుడు, పక్క వాడలో ఆయన పేరే ఎత్తరు.

1935లో యేవలాలో బాబాసాహెబ్ హిందువుగా చావనని ప్రకటించారు. 1937లో భాగ్యరెడ్డి వర్మ మళ్లీ బుద్ధ జయంతి జరిపారు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు, నాగపూర్ దీక్షకు 17 ఏళ్ల ముందు. తర్వాత ఆయన జీవిత చరిత్రను పుస్తకంగా తెచ్చింది కొడుకే. ఆ కొడుకు పేరు గౌతమ్.

ఇక మన గుమ్మం దగ్గరికి వద్దాం. దీక్ష తీసుకుని, 22 ప్రతిజ్ఞలు చదివి కూడా, జనాభా లెక్కల మనిషి వస్తే "హిందూ అని రాసుకోండి సార్" అనేవాళ్లు మనలో తక్కువేం లేరు. పిల్లల రిజర్వేషన్ పోతుందని భయం. పోదు. 1990లో పార్లమెంటు షెడ్యూల్డు కులాల ఉత్తర్వును సవరించి బౌద్ధుల్ని చేర్చింది. కులం వేరు గడి, మతం వేరు గడి. కులం దగ్గర జాబితాలో ఉన్న మీ కులం పేరు, మతం దగ్గర బౌద్ధం అని చెప్పండి. ఆ ఎస్సీ జాబితా ఎప్పుడైనా తెరిచి చూడండి, మన రెండు రాష్ట్రాల్లోనూ మొదట కనిపించే పేరు ఆది ఆంధ్ర. చదువురాని అమ్మలకి, అత్తలకి ఈ సంగతి ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. వచ్చినాయన అడక్కుండానే మతం గడి నింపేస్తే, ఆపి, రాసింది చదివి వినిపించమనండి.